చాదర్‌ఘాట్ ప్రిన్సిపల్, ఇస్తాంబుల్ ఖలీఫా: విదేశీ మేధావి మాట ఎంతవరకు నమ్మాలి?

అన్నోజిగూడ నుంచి మాట్లాడుతున్నాను. ఈ రోజు ఎపిసోడ్ ఒక గొడవతో మొదలుపెడతా. గొడవ మా ఇంట్లోనే జరిగింది.

మొన్న ఆదివారం మా బాబాయి కొడుకు వచ్చాడు. బీటెక్ రెండో సంవత్సరం. అన్నం తింటూ ఫోన్ నా ముందు పెట్టాడు. ఎక్కడో దూరదేశంలో జరుగుతున్న యుద్ధం గురించి ఒక విదేశీ ప్రొఫెసర్ మాట్లాడుతున్న నిమిషం క్లిప్పు. "చూడన్నా, తప్పంతా ఎవల్దో ఈయన క్లియర్‌గా చెప్పిండు" అన్నాడు. నేనేం తక్కువా? నా ఫోన్‌లో ఇంకో ప్రొఫెసర్ ఉన్నాడు, సరిగ్గా దానికి ఉల్టా చెప్పేవాడు. అది చూపించాను. ఇక మొదలైంది. "మీ ప్రొఫెసర్, మా ప్రొఫెసర్" అంటూ ఇద్దరం అరుచుకున్నాం. మధ్యలో మా నానమ్మ అడిగింది: "అవును బిడ్డా, మరి ఆ ఊరోళ్లు ఏమంటుండ్రు?"

ఇద్దరం నోరు మూసుకున్నాం. ఎందుకంటే ఆ దేశంలో పుట్టి అక్కడే బతుకుతున్న ఒక్క మనిషి మాట కూడా మేం వినలేదు. ఆ భాష రాదు, ఆ పత్రికలు తెలియవు. కానీ అభిప్రాయం మాత్రం గట్టిగా ఉంది!

ఈ జబ్బు కొత్తది కాదు తమ్ముళ్లూ, చెల్లెళ్లూ. ఫోన్లు రాకముందు నుంచీ ఉంది. దూరంగా ఉన్న ఒక పెద్ద సామ్రాజ్యం మంచిదా చెడ్డదా అని ప్రపంచం మొత్తం కొట్లాడుకున్న కాలం ఒకటుంది. ఆ కొట్లాటలో ముఖ్యమైన మనుషులు కొందరు మన హైదరాబాదులో బతికారు. ఉప్పల్‌లో కోఠి బస్సెక్కి రామంతాపూర్, అంబర్‌పేట దాటితే చాదర్‌ఘాట్ వస్తుంది కదా, ఈ కథ ఆ చాదర్‌ఘాట్‌కి సంబంధించిందే.

ముందు సామ్రాజ్యం సంగతి. ఆటోమన్ సామ్రాజ్యం, మనవైపు ఉర్దూలో ఉస్మానీ సల్తనత్ అంటారు. మన ఉస్మానియా యూనివర్సిటీకి ఆ పేరు దీనివల్ల రాలేదు, కంగారు పడొద్దు. యూనివర్సిటీది 7వ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ పేరు. ఆ సామ్రాజ్యానిది దాన్ని స్థాపించిన ఉస్మాన్ అనే నాయకుడి పేరు. ఇస్తాంబుల్ రాజధానిగా ఒకే సుల్తాన్ కింద తుర్కులు, అరబ్బులు, గ్రీకులు, ఆర్మేనియన్లు, బల్గేరియన్లు, సెర్బులు, అల్బేనియన్లు, కుర్దులు, యూదులు, ఇంతమంది ఉండేవాళ్లు. ఒక జాతి కాదు, ఒక భాష కాదు, ఒక మతమూ కాదు. సుల్తానే ఖలీఫా కూడా. అంటే ప్రపంచంలో చాలామంది సున్నీ ముస్లింలు ఆయన్ని తమ మతపెద్దగా చూసేవాళ్లు.

19వ శతాబ్దంలో ఈ సామ్రాజ్యం బలహీనపడుతోంది. లోపలి జాతులు ఒక్కొక్కటే విడిపోవాలని చూస్తున్నాయి. 1876లో బల్గేరియాలో తిరుగుబాటు వస్తే చాలా క్రూరంగా అణచివేశారు. బతక్ అనే ఊళ్లో జరిగిన ఊచకోతను మెక్‌గహన్ అనే అమెరికన్ విలేకరి స్వయంగా వెళ్లి చూసి లండన్ పత్రికకు రాశాడు. అంతకుముందు బ్రిటన్ ప్రధానిగా చేసిన గ్లాడ్‌స్టన్ దాని మీద ఒక చిన్న పుస్తకం వేశారు. నెల తిరక్కుండా దాదాపు 2 లక్షల కాపీలు అమ్ముడుపోయాయి. ఇవాళ్టి లెక్కలో చెప్పాలంటే వైరల్! అప్పటిదాకా రష్యాను ఆపాలంటే తుర్కీని కాపాడుకోవాలి అనేది బ్రిటన్ విధానం. ఆ వార్తలతో, ఆ పుస్తకంతో ఊరూరా సభలు పెట్టి "తుర్కీకి సాయం చెయ్యొద్దు" అనేదాకా వచ్చింది జనం మనసు.

ఇక్కడ ఒక విషయం గమనించండి. బతక్‌లో జరిగింది నిజం. జనానికి కోపం రావడమూ న్యాయమే. కానీ ఆ కోపంలోంచి "తుర్కులంటేనే ఇంత, వీళ్లకు మానవత్వం ఉండదు" అనే మాట కూడా పుట్టింది. ఒక ప్రభుత్వం చేసిన నేరం ఒక జాతి మొత్తానికి స్వభావమైపోయింది. ఒక తరం తరవాత బాల్కన్ దేశాల నుంచి లక్షలమంది ముస్లింలను తరిమేసినప్పుడు, యూరప్‌లో వాళ్ల కోసం అంత పెద్ద గొంతు లేవకపోవడానికి ఇదీ ఒక కారణం.

సరే, హైదరాబాదుకు వద్దాం. 1879లో ఈజిప్టు ప్రభుత్వం ఒక మేధావిని దేశం నుంచి పంపించేసింది. పేరు జమాలుద్దీన్ అఫ్ఘానీ. ఆయన నేరుగా మన దేశానికి వచ్చి, సుమారు రెండేళ్లు హైదరాబాదులో ఉన్నారు. పేరులో అఫ్ఘానీ అని ఉన్నా ఇరాన్‌లో పుట్టారని చరిత్రకారులు తేల్చారు. ముస్లిం దేశాలన్నీ ఒక్కటై యూరప్ సామ్రాజ్యాలను ఎదిరించాలి అనే ఆలోచనకు పెద్ద పేరు ఈయనే. తన ముఖ్యమైన పుస్తకం ఒకటి హైదరాబాదులోనే పర్షియన్‌లో రాశారు.

కానీ అసలు విశేషం వేరే ఉంది. హైదరాబాదులో ఉన్నప్పుడు ఇక్కడి పత్రికలో ఆయన ఒక వ్యాసం రాశారు. మనుషుల్ని కలిపి ఉంచడంలో మతం కంటే భాషకే బలం ఎక్కువ, మతం మారినా భాష నిలుస్తుంది, చదువు సొంత భాషలో ఉండాలి, ఇదీ దాని సారాంశం. నాలుగేళ్లు తిరిగాయి. 1884లో పారిస్ నుంచి పత్రిక నడుపుతూ అదే మనిషి ముస్లింలను కలిపేది మతబంధమే అన్నారు. హైదరాబాదులో ఒక మాట, పారిస్‌లో ఒక మాట. మోసం అనడం లేదు నేను. ఇక్కడ ఎదురుగా ఉన్నది హిందువులూ ముస్లింలూ కలిసి బతికే, బ్రిటిష్ వాళ్ల నీడలో ఉన్న దేశం. అక్కడినుంచి రాసేటప్పుడు చూపు మొత్తం ముస్లిం లోకం మీద ఉంది. ఎక్కడ నిలబడి మాట్లాడుతున్నారు, ఎవరితో మాట్లాడుతున్నారు అనే దాన్ని బట్టి మేధావి మాట మారుతుంది. ఇది గుర్తుపెట్టుకోండి, మళ్లీ పనికొస్తుంది.

అఫ్ఘానీ స్నేహితుల్లో ఒక ఇంగ్లీషు కవి ఉన్నాడు, విల్‌ఫ్రిడ్ బ్లంట్. 1884 ఫిబ్రవరిలో 6వ నిజాం మహబూబ్ అలీఖాన్‌కు పూర్తి అధికారాలు ఇచ్చే దర్బారు జరిగినప్పుడు బ్లంట్ హైదరాబాదులో ఉన్నాడు. ఇక్కడ ముస్లింలకు ఒక విశ్వవిద్యాలయం పెట్టాలని కూడా ప్రతిపాదించాడు. ఇంగ్లీషువాడై ఉండి బ్రిటిష్ పాలనను తిట్టాడు. ఇక్కడి రైతుల పేదరికం గురించి, ఉప్పు పన్ను గురించి ఇంగ్లండులో పుస్తకం వేశాడు. అదే మనిషికి ఆటోమన్ సుల్తాన్ కూడా నచ్చలేదు. ఖలీఫా పదవి తుర్కుల దగ్గర కాదు, అరబ్బుల దగ్గర ఉండాలి అని 1882లోనే రాశాడు. చూడండి, ఒకే సామ్రాజ్యం, బయటివాళ్లలో ఎన్ని రకాల చూపులో!

ఇప్పుడు అసలు మనిషి. మార్మడ్యూక్ పిక్థాల్. 1875లో లండన్‌లో పుట్టాడు. తండ్రి చర్చి ఫాదర్. చదివింది హారో స్కూల్లో, చర్చిల్ కూడా అక్కడే చదువుకున్నాడు. విదేశాంగ ఉద్యోగం పరీక్ష పోయింది. 18, 19 ఏళ్ల వయసులో ఈజిప్టు, పాలస్తీనా, సిరియా తిరిగాడు. అరబిక్ నేర్చుకున్నాడు. తోటి ఇంగ్లీషువాళ్లు హోటళ్లలో ఉంటే ఈయన అక్కడి జనంతో కలిసి తిని, కలిసి తిరిగాడు. తరవాత నవలలు రాసి మంచి పేరు తెచ్చుకున్నాడు.

1912లో బాల్కన్ దేశాలు కలిసి తుర్కీ మీదికి యుద్ధానికి వచ్చాయి. ఆ సమయంలో మన దేశం నుంచి కూడా డాక్టర్ అన్సారీ నాయకత్వంలో ఒక వైద్య బృందం తుర్కీకి వెళ్లింది. 1913లో పిక్థాల్ కొన్ని నెలలు ఇస్తాంబుల్‌లో ఉన్నాడు. ఊరంతా శరణార్థులు, ఇళ్లూ వాకిళ్లూ పోగొట్టుకుని బాల్కన్ నుంచి వచ్చిన ముస్లింలు. లండన్ పత్రికల్లో వీళ్ల ఊసే లేదు. ఆయనకు మండిపోయింది. క్రైస్తవులు చస్తే ఏడ్చే యూరప్ ముస్లింలు చస్తే ఎందుకు ఏడవదు అని రాశాడు, సభల్లో మాట్లాడాడు. అన్ని జాతులూ కలిసి బతకడానికి, మెల్లగా సంస్కరించుకోవడానికి ఆటోమన్ సామ్రాజ్యానికి అవకాశం ఇవ్వండి అన్నాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటన్, తుర్కీ శత్రువులైపోయాక కూడా మాట మార్చలేదు. దేశద్రోహి అన్నారు. అయినా 1917లో, యుద్ధం జరుగుతుండగానే, లండన్‌లో బహిరంగంగా ఇస్లాం స్వీకరించాడు.

ధైర్యవంతుడా? ముమ్మాటికీ. ఆయన చెప్పింది నిజమా? శరణార్థుల గురించి నిజం. ఎవరూ చూడనిది చూశాడు.

కానీ ఇక్కడే గుండె బరువెక్కే విషయం ఉంది. 1915 ఏప్రిల్ 24న ఇస్తాంబుల్‌లో ఆర్మేనియన్ రచయితల్ని, నాయకుల్ని అరెస్టు చేశారు. ఆ తరవాత ఆర్మేనియన్లను ఊళ్లకు ఊళ్లు ఖాళీ చేయించి సిరియా ఎడారుల వైపు నడిపించారు. చంపినవాళ్లను చంపారు, మిగతావాళ్లు ఆకలితో, రోగాలతో పోయారు. లక్షలమంది. అప్పుడు పిక్థాల్ ఏం చేశాడు? ఆ వార్తల్ని ఎక్కువగా శత్రువుల ప్రచారంగానే చూశాడు. తుర్కీ ప్రభుత్వాన్ని సమర్థిస్తూనే రాశాడు.

బాల్కన్ ముస్లింల కన్నీళ్లు చూసిన కళ్లకు ఆర్మేనియన్ల కన్నీళ్లు కనపడలేదు. మనిషి చెడ్డవాడు కాదు. నాకు భయం వేసేది అందుకే. చెడ్డవాడికి కనపడకపోతే అర్థం చేసుకోవచ్చు. మంచివాడికి, ధైర్యవంతుడికి, ఆ ప్రాంతం భాష వచ్చినవాడికి, అక్కడ అన్నం తిన్నవాడికి ఎందుకు కనపడలేదు? ఒక పక్షం అన్యాయమైపోతోందని ఒకసారి గట్టిగా అనుకున్నాక, ఆ పక్షం చేసే అన్యాయాన్ని చూడటం చాలా కష్టం. నాకూ కష్టమే. మీకూ కష్టమే.

ఇప్పుడు ఇదే కథలో ఇంకో మనిషిని చూడండి. ఆర్నాల్డ్ టాయిన్బీ, ఇంగ్లీషు చరిత్రకారుడు. యుద్ధకాలంలో బ్రిటిష్ ప్రభుత్వ ప్రచార విభాగంలో పనిచేశాడు. లార్డ్ బ్రైస్‌తో కలిసి ఆర్మేనియన్ల మీద జరిగిన దారుణాలకు సాక్ష్యాలు సేకరించి 1916లో పెద్ద నివేదిక తెచ్చాడు. అంటే పిక్థాల్‌కు సరిగ్గా అవతలి పక్షం. యుద్ధం అయ్యాక లండన్‌లో గ్రీకు చరిత్ర ప్రొఫెసర్ అయ్యాడు. ఆ ఉద్యోగానికి డబ్బు పెట్టింది గ్రీకు దాతలు. 1921లో గ్రీసు, తుర్కీ యుద్ధం జరుగుతుంటే పత్రిక తరఫున స్వయంగా వెళ్లాడు. గ్రీకు సైన్యం తుర్కు పల్లెల్ని తగలబెట్టడం, జనాన్ని చంపడం తెలిసింది. తన పక్షం వాళ్లే కదా అని ఊరుకోవచ్చు. జీతం వచ్చేదే వాళ్ల డబ్బుతో. కానీ రాశాడు. పత్రికలో రాశాడు, 1922లో పుస్తకమూ వేశాడు. దాతలు ఊరుకుంటారా? 1924లో ఆ ఉద్యోగం వదులుకోవాల్సి వచ్చింది.

ఆర్మేనియన్ల గురించి ముందు రాసింది అబద్ధం అని ఆయన అనలేదు. అదీ నిజమే, ఇదీ నిజమే అన్నాడు. నా దృష్టిలో మేధావి అంటే అది. ఎన్ని పుస్తకాలు రాశాడన్నది కాదు, తనవాళ్లకు వ్యతిరేకమైన నిజం ఒక్కటైనా చెప్పాడా, దానికి ఏమైనా పోగొట్టుకున్నాడా అన్నది చూడాలి.

మళ్లీ పిక్థాల్ దగ్గరికి. యుద్ధం తరవాత తుర్కీని ముక్కలు చేస్తున్నారని, ఖలీఫాను కాపాడాలని మన దేశంలో ఖిలాఫత్ ఉద్యమం వచ్చింది. గాంధీజీ కలిశారు, సహాయ నిరాకరణతో జోడించారు. పిక్థాల్ 1920లో బొంబాయి వచ్చి బాంబే క్రానికల్ పత్రికకు సంపాదకుడయ్యాడు, గాంధీజీని సమర్థించాడు. ఇంగ్లండులో ఒంటరిగా అరిచిన మాటను ఇక్కడ లక్షలమంది అంటున్నారు!

తరవాత జరిగింది వినండి. 1923 నవంబరులో ఆగాఖాన్, అమీర్ అలీ అనే ఇద్దరు భారతీయ ముస్లిం ప్రముఖులు తుర్కీ ప్రధానికి ఉత్తరం రాశారు. ఖలీఫా గౌరవం కాపాడండి అని. అది ఇస్తాంబుల్ పత్రికల్లో వచ్చింది. కొత్త తుర్కీ నాయకులు భగ్గుమన్నారు. బయటివాళ్లు మాకు చెప్పడమేంటి అన్నారు. ఉత్తరం అచ్చేసిన సంపాదకులను కోర్టుకు ఎక్కించారు. ఖలీఫా పదవి ఉంటే ఇలా బయటివాళ్లు వేలు పెడుతూనే ఉంటారు అనే వాదనకు బలం వచ్చింది. 1924 మార్చి 3న తుర్కీ పార్లమెంటే ఖలీఫా పదవిని రద్దు చేసింది. కాపాడదామని రాసిన ఉత్తరమే పదవి త్వరగా పోవడానికి సాయపడింది.

మనం ఎప్పుడూ "విదేశీ మేధావులు మన గురించి ఏదేదో రాస్తారు" అంటాం కదా? ఆ రోజు ఇస్తాంబుల్‌లో ఆ విదేశీ మేధావులు మనవాళ్లే. మంచి మనసుతోనే రాశారు. కానీ అక్కడి జనం ఏమనుకుంటున్నారో వాళ్లకు అందలేదు. మా నానమ్మ అడిగిన ప్రశ్న వాళ్లు అడిగి ఉంటే?

1925లో పిక్థాల్ హైదరాబాదు వచ్చాడు. నిజాం ప్రభుత్వం చాదర్‌ఘాట్ హైస్కూలుకు ప్రిన్సిపల్‌గా పెట్టింది. 1927 నుంచి ఇక్కడినుంచే ఇస్లామిక్ కల్చర్ అనే ఇంగ్లీషు పత్రికకు సంపాదకత్వం. నిజాం జీతంతో సెలవు ఇస్తే ఖురాన్‌ను ఇంగ్లీషులోకి అనువదించాడు. 1930లో అచ్చయిన ఆ అనువాదం ఇవాళ్టికీ ప్రపంచమంతా చదువుతున్నారు. అదే నిజాం, దేశం నుంచి వెళ్లగొట్టబడి ఫ్రాన్స్‌లో బతుకుతున్న ఆఖరి ఖలీఫాకు పింఛను పంపాడు. 1931లో ఖలీఫా కూతురు దుర్రు షెవార్ నిజాం పెద్దకొడుకును, బంధువు నీలోఫర్ రెండో కొడుకును ఫ్రాన్స్‌లోని నీస్ పట్టణంలో పెళ్లి చేసుకున్నారు. రెడ్‌హిల్స్ నీలోఫర్ ఆసుపత్రిలో మీలో ఎంతమంది పుట్టారో! ఆ పేరు ఆటోమన్ రాజవంశపు ఆడబిడ్డది. పోయిన సామ్రాజ్యం ముక్క ఒకటి అలా మన ఊళ్లో మిగిలిపోయింది.

ఇక మన సంగతి. హైదరాబాదు రాజ్యం కూడా చిన్నపాటి సామ్రాజ్యం లాంటిదే. తెలుగు, మరాఠీ, కన్నడం, ఉర్దూ మాట్లాడేవాళ్లు ఒకే పాలకుడి కింద. ఇస్లామిక్ కల్చర్ మంచి పత్రికే, చరిత్ర, సాహిత్యం మీద గొప్ప వ్యాసాలు వచ్చేవి. దాన్ని లండన్‌లో చదివిన మనిషికి హైదరాబాదు అంటే ఏం కనపడుతుంది? విద్యను, కళను పోషించే రాజ్యం. అదీ నిజమే. కానీ అదే రోజుల్లో పల్లెల్లో వెట్టి ఉంది. జాగీర్దారు, దేశ్‌ముఖ్ గడీ ముందు జీతం లేకుండా చాకిరీ చేసిన జనం ఉన్నారు. ఆ జనం ఆ పత్రిక చదివేవాళ్లు కాదు, వాళ్ల బాధ రాయడం ఆ పత్రిక పని కూడా కాదు.

మరి ఎవరు రాశారు? 1926లో అదే హైదరాబాదులో సురవరం ప్రతాపరెడ్డి గోలకొండ పత్రిక పెట్టారు, తెలుగులో. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులే లేరు అని ఒకరు రాస్తే, ఆయన తిట్టలేదు, కొట్లాడలేదు. ఊరూరి నుంచి కవుల వివరాలు తెప్పించి, 354 మంది కవులతో 1934లో గోలకొండ కవుల సంచిక అచ్చేశారు. ఆ ఊరోళ్లు ఏమంటున్నారు అన్నదానికి అంతకంటే మంచి జవాబు ఉంటుందా?

కాబట్టి నేను విదేశీ మేధావిని వినొద్దు అనడం లేదు. ఆ విలేకరి వెళ్లి చూడకపోతే బతక్ సంగతి అంతమందికి తెలిసేది కాదేమో. బయటివాడు కొన్నిసార్లు లోపలివాడు చెప్పలేనిది చెబుతాడు, అతన్ని అరెస్టు చేసేవాడు ఉండడు కాబట్టి. వినండి. కానీ ఆయన ఎక్కడ నిలబడి మాట్లాడుతున్నాడో చూడండి. తన పక్షం తప్పు ఎప్పుడైనా ఒప్పుకున్నాడా చూడండి. చివరగా ఆ నేల మీద పుట్టినవాళ్లలో కనీసం ఇద్దరి మాట, అదీ వేరే వేరే జాతులవాళ్లది, వెతకండి. ఒక్కరిది చాలదు. ఆర్మేనియన్ ఒకటి చెబుతాడు, బాల్కన్ నుంచి పారిపోయి వచ్చిన ముస్లిం ఒకటి చెబుతాడు. రెండూ నిజమే కావచ్చు.

మా బాబాయి కొడుకు ఏమయ్యాడు అంటారా? నిన్న ఫోన్ చేశాడు. ఆ దేశం అమ్మాయి ఒకామె రాసుకున్న డైరీ ఇంగ్లీషులో దొరికిందట, చదువుతున్నాడట. "అన్నా, ఆ పిల్ల మన ఇద్దరు ప్రొఫెసర్లనూ తిట్టింది" అన్నాడు. నవ్వుకున్నాం. గొడవ ఇంకా తెగలేదు, వచ్చే ఆదివారం మళ్లీ ఉంటుంది. ఈసారి మాత్రం ఇద్దరి చేతుల్లో కాస్త సరుకు ఉంటుంది.

చాదర్‌ఘాట్ మీదుగా వెళ్లినప్పుడు ఆ ప్రిన్సిపల్ సాబ్‌ను ఒకసారి తలుచుకోండి. చూసిన దాని కోసమూ, చూడలేకపోయిన దాని కోసమూ. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. సెలవు.